మసక దీపాల ఫొటో

మా ఉత్తరాంధ్ర జమీందార్ల మాటొస్తే సంగీతం, కుస్తీలు, కవిపండితులు, దానధర్మాలు... ఇవే చెప్పుకుంటాం. రాత్రిళ్లు నిద్ర మానుకుని నక్షత్రాల వెంటపడ్డ జమీందారుగారొకరు ఉండేవారంటే నమ్ముతారా? ఆయన గోడే వెంకట జగ్గారావుగారు. మద్రాసు వేధశాలలో టేలర్ దొరగారి దగ్గర విద్య నేర్చుకుని, 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. మా విజయనగరం అప్పట్లో ఆ జిల్లాలోదే లెండి.

1856లో ఆయన పోయారు. దుర్భిణి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారి చేతికొచ్చింది. మామగారి సొత్తు కరగదీసే అల్లుళ్లని చూస్తాం గానీ, మామగారి పిచ్చిని పెంచి పోషించే అల్లుడెక్కడ దొరుకుతాడు! 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా సాగిపోయిన శుక్రుణ్ణి ఆయన ఆరంగుళాల దుర్భిణితో గమనించి రాసి పంపితే, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రిక అచ్చువేసింది. 1892లో ఆయన పోయాక అక్కడ ఆకాశానికి ఫొటోలు తియ్యడం కూడా మొదలయింది. వీళ్లిద్దరూ ఆకాశం చూస్తుంటే, ఒకరికి కూతురై, మరొకరికి భార్య అయిన ఆ ఇల్లాలు ఎన్ని రాత్రులు అన్నం మూతపెట్టి కూచుందో మనం ఊహించుకోగలం.

కళ్లుండగా ఫొటో ఎందుకూ అంటారా? కన్ను ఏ క్షణం వెలుగుని ఆ క్షణమే ఖర్చు పెట్టేస్తుంది. ఫొటో ప్లేటు మనలాంటిది. పోపులడబ్బాలో చిల్లర దాచినట్టు, చుక్క చుక్కా కూడబెడుతుంది. గ్రహ నీహారికల్లాంటి మసక వస్తువులు చిక్కేది ఆ పొదుపుకే. పేరులో గ్రహం ఉన్నా వాటికీ గ్రహాలకీ చుట్టరికం లేదు. దుర్భిణిలో గుండ్రంగా కనిపించాయని విలియం హెర్షెల్ అలా పిలిచాడు. నిజానికవి ముసలితనంలో సూర్యుడిలాంటి నక్షత్రాలు వదిలిన వాయువు. 1864లో హగ్గిన్స్ ఒకదాని వెలుగుని విడదీసి చూస్తే ఆకుపచ్చ గీత కనిపించింది. ఇప్పటి ఔత్సాహికులు అలాంటి రంగుల్నే పోనిచ్చే గాజుబిళ్లలు అమర్చి, ఊరి దీపాల వెలుగు వడగట్టి, గంటల తరబడి ఫొటోలు తీసి ఒకటిగా కూరుస్తారు.

జగ్గారావుగారి కథని వెలికితీసి రాసినవారిలో ఒకరు బెంగుళూరు ఖగోళ శాస్త్రజ్ఞులు ఎన్. కామేశ్వరరావుగారు. ఆయన బృందమే, 2015లో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దుర్భిణితో, హెర్షెల్ 1788లో కనిపెట్టిన ఎన్.జి.సి. 40 అనే గ్రహ నీహారికని ఫొటో తీసింది. చుట్టూ ఒక పలచని వెలుగు వలయం బయటపడింది! 2018లో ఆ సంగతి ప్రకటించారు.

మన జిల్లా చరిత్రలోని మసక మనిషినీ, ఆకాశంలోని మసక వలయాన్నీ పట్టుకున్నది ఒకే ఓపిక. ఈసారి డాబా గార్డెన్స్‌లో చీరల బేరం ముగిశాక, ఒక్కసారి తలెత్తి చూడండి. ఒకప్పుడు ఆ ఆకాశానికి ఇక్కడ కాపలా ఉండేది.