పెర్చ్‌కు నాలుగు వెంట్రుకలు

1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక పుస్తకంలో, ఏ చేపకు ఎన్ని గుర్రపు వెంట్రుకలతో గాలం దారం పేనాలో ఒక పట్టీ ఉంది. వేలెడంత మిన్నోకు ఒకే వెంట్రుక. ఎదిగే రోచ్‌కు, గడ్జన్‌కు 2. పెద్ద రోచ్‌కు 3. పెర్చ్‌కు 4. బ్రీమ్, టెంచ్, ఈల్ చేపలకు 6, ట్రౌట్‌కు 9, పెద్ద ట్రౌట్‌కు 12, సాల్మన్‌కు 15. పైక్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాని పళ్లకు వెంట్రుకలు ఆగవు కాబట్టి ముదురు రంగు వేసిన దళసరి దారం కట్టి, చివర లోహపు తీగ తగిలించమన్నారు.

ఈ పట్టీలో నన్ను పట్టి ఆపింది పెర్చ్ పక్కనున్న 4. గుర్రం తోక వెంట్రుక ఒక్కటి సుమారు అర కిలో బరువు మోస్తుంది. నాలుగు కలిపి పేనితే రెండు కిలోల దగ్గరికి వస్తుంది. ఇవాళ యూరప్‌లో మూడు నాలుగు గ్రాముల లూర్‌తో, అంటే కృత్రిమ ఎరతో, పెర్చ్ వేటకు వెళ్లేవాళ్లు లూర్‌కు ముందు కట్టే ఫ్లోరోకార్బన్ అనే పారదర్శక దారం ముక్క సాధారణంగా 0.18 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది తెగే బరువూ ఇంచుమించు అంతే! మధ్యలో పట్టు, పట్టుపురుగు నరం, నైలాన్, ఇంకా ఎన్నో వచ్చి పోయాయి. పెర్చ్ నోటికి తగిన బలం ఎంతో మాత్రం ఆ పాత పుస్తకం రాసేనాటికే తేలిపోయింది.

పెర్చ్ మన చెరువుల చేప కాదు. యూరప్ నదుల్లో, సరస్సుల్లో, కాలువల్లో తిరుగుతుంది. పచ్చని ఒంటిమీద నిలువునా నల్ల చారలు, పొట్ట కింద ఎర్రటి రెక్కలు, వీపుమీద ముళ్ల రెక్క. గుంపుగా వచ్చి చిన్న చేపల్ని తరిమి తింటుంది. దాన్ని పట్టడంలో చిక్కంతా నోటి దగ్గరే. పెదవుల వెనక ఉన్న చర్మం పల్చటి పొర. గట్టిగా లాగితే గాలం ఆ పొరను చీల్చుకుని ఖాళీగా బయటికొస్తుంది. అందుకే దారం సన్నగా ఉండాలి, కాస్త సాగాలి, చేప కంటికి ఆనకూడదు. గుర్రపు వెంట్రుకకు ఈ మూడు గుణాలూ ఉన్నాయి.

ఆ పుస్తకం పేరు ‘ట్రీటైజ్ ఆఫ్ ఫిషింగ్ విత్ యాన్ యాంగిల్’. ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చిన కాక్స్టన్ దగ్గర పనిచేసి, ఆయన పోయాక ముద్రణాలయాన్ని నడిపిన వింకిన్ డి వర్డ్ దాన్ని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు వేశాడు. సెయింట్ ఆల్బన్స్ దగ్గర సోప్‌వెల్ మఠానికి చెందిన జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు గానీ దానికి గట్టి ఆధారం లేదు. రాసింది ఎవరైనా, చేతులు తడుపుకుని పనిచేసిన మనిషే. దారం తయారీ గురించి చెప్పిన తీరు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

ముందు తెల్ల గుర్రం తోక నుంచి పొడవైన, గుండ్రటి వెంట్రుకలు ఏరాలి. తెలుపే ఎందుకంటే రంగు పట్టాలి. వాటిని ఆరు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో రంగు అద్దాలి. ఆకుపచ్చ రంగుకు పల్చటి ఏల్ బీరులో పటిక వేసి వెంట్రుకల్ని సన్నని సెగమీద ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత పసుపు రంగునిచ్చే పూలతో, అన్నభేదితో మళ్లీ ఉడికిస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తేటనీళ్లలో ఈ ఆకుపచ్చ దారం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పసుపుపచ్చ, ఎందుకంటే అప్పుడు నీళ్లలో నాచూ గడ్డీ పండి విరిగి అదే రంగులో ఉంటాయి. చలికాలమంతా ఎర్రమట్టి రంగు. నల్లగా, కదలకుండా పడి ఉన్న నీళ్లకు ముదురు గోధుమ రంగు. బీడునేలల మీదుగా, చిత్తడి నేలల్లోంచి వచ్చే నీళ్లకు తోలు రంగు.

రంగు అయ్యాక పేనడం. వెంట్రుక ఒక కొనన బలహీనంగా ఉంటుంది కాబట్టి అక్కడ కొంత కోసి పారేయాలి. సగం వెంట్రుకల్ని తలకిందులుగా తిప్పి, ఒకదాని మొదలు ఇంకొకదాని కొస పక్కన పడేలా అమర్చాలి. అప్పుడు దారం మందం అంతటా ఒకేలా వస్తుంది. చిన్న పనిముట్టు సాయంతో మెలితిప్పి, నీళ్లలో నానబెట్టి, లాగి ఆరేయాలి. ఇలా తయారైన ముక్కల్ని ముడులతో అతికి, ముడి పక్కన గడ్డిపోచ వెడల్పంత మిగిల్చి కొసలు కోసేయాలి. అంత చిన్న కొలతను కూడా మర్చిపోకుండా రాసిన మనిషి మీద నాకు పెద్ద గౌరవం.

వయొలిన్ కమానుకు బిగించేదీ ఇదే వెంట్రుక. మంచి వెంట్రుకనూ చెడ్డ వెంట్రుకనూ వేళ్లతో తడిమి చెప్పగలిగిన గాలపువాళ్లు ఆ కాలంలో ఉండేవాళ్లు. 1653లో ‘ది కంప్లీట్ యాంగ్లర్’ రాసిన ఐజాక్ వాల్టన్ ఈ ఎంపిక గురించి ప్రత్యేకంగా చెప్పాడు: గుండ్రంగా, గాజు మెరుపుతో ఉన్న ఒక్క వెంట్రుక, గరుకుగా ఎగుడుదిగుడుగా ఉన్న మూడింటికి సమానమని. ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ 1676లో ఆ పుస్తకానికి తన భాగం కలిపాడు. చెట్లూ నాచూ అడ్డులేని నదిలో, గాలం దగ్గర రెండే వెంట్రుకలతో 20 అంగుళాల ట్రౌట్‌ను తీయలేనివాడు గాలపువాడన్న పేరుకే తగడని ఆయన తీర్పు. 1496 నాటి పట్టీ ట్రౌట్‌కు 9 వెంట్రుకలు ఇచ్చిందని గుర్తుంచుకుంటే, ఆ మధ్యకాలంలో ఎంత నేర్పు పెరిగిందో అర్థమవుతుంది. అప్పట్లో మామూలు గాలపువాళ్లకు దారం చుట్టే రీల్ లేదు. దారం కర్ర కొసకే కట్టి ఉండేది. చేప గుంజితే వదలడానికి చేతిలో దారం లేదు. కర్ర వంపు, వెంట్రుక సాగుదల, మణికట్టు, ఈ మూడే దిక్కు.

ఏ గుర్రం వెంట్రుక మంచిదన్న చర్చ ఇంకా చాలా పాతది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు రచయిత ప్లూటార్క్, జంతువుల తెలివి గురించి రాస్తూ దీన్నీ ప్రస్తావించాడు. ఆడగుర్రం తోక మూత్రంతో తడిసి బలం కోల్పోతుంది కాబట్టి జాలర్లు మగగుర్రం వెంట్రుకలే కోరతారట. ఇదే మాట పదిహేను వందల ఏళ్ల తర్వాత ఇంగ్లిష్ పుస్తకాల్లోనూ కనబడుతుంది. మధ్యలోని శతాబ్దాల్లో ఈ జ్ఞానం నోటిమాటగా, చేతి నుంచి చేతికి వచ్చి ఉండవచ్చు.

వెంట్రుకకు ఒక పోటీ సంగీతం వైపు నుంచి వచ్చింది. లండన్ నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పెపీస్ డైరీ ప్రసిద్ధం. 1667 మార్చి 18న ఆయన ఒక సంగతి రాసుకున్నాడు. వాళ్లింటి కుర్రాడికి ల్యూట్ వాద్యం నేర్పే సీజర్ అనే సంగీతకారుడు, పేగుతో చేసిన సన్నని వాద్యపు తీగకు వార్నిష్ పూసి గాలానికి వాడుతున్నాడట. వార్నిష్ వల్ల తీగ నీళ్లలో ఉబ్బదు, వెంట్రుక కంటే సన్నగా ఉంటుంది, బలమూ ఎక్కువ. ఆ రహస్యం తెలిసినందుకు పెపీస్ చాలా సంబరపడ్డాడు. సంగీతం గురువు గాలం కబుర్లలో పడటం, వినేవాడు అంతే ఉత్సాహంగా డైరీలో ఎక్కించడం! ఈ చరిత్ర మొత్తంలో నాకిష్టమైన సంఘటన ఇది.

18వ శతాబ్దంలో పట్టుపురుగు నరం వచ్చింది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ చూసినవాళ్లకు పురుగు గూడు కడుతుందని తెలుసు, గూటి నుంచి దారం తీస్తారని తెలుసు. స్పెయిన్‌లోని ముర్సియాలో పురుగును గూడు కట్టనివ్వలేదు. కట్టబోయే సమయానికి వెనిగర్‌లో వేసి చంపి, ఒంట్లోని రెండు పట్టు గ్రంథుల్ని బయటికి తీసి, చేత్తో ఒక్కసారిగా లాగేవాళ్లు. గాలి తగలగానే ఆ జిగురు గట్టిపడి, పారదర్శకమైన తీగ అయ్యేది. ఎంత లాగినా 40, 45 సెంటీమీటర్లు దాటడం అరుదు. అందుకే గాలం ముందు కట్టే భాగమంతా ముక్కలు ముడులేసి అతికిందే. పొడిగా ఉంటే పెళుసు, ముడివేస్తే విరుగుతుంది. వేటకు వెళ్లేవాళ్లు దాన్ని తడి గుడ్డల మధ్య చిన్న రేకు డబ్బాలో వెంట తీసుకెళ్లేవాళ్లు. గాయాలు కుట్టడానికి వైద్యులూ దీన్నే వాడారు. ఇంకా సన్నం కావాలంటే ఉక్కు పలకలోని రంధ్రాల గుండా లాగేవాళ్లు. ఒకసారి లాగితే 1 ఎక్స్, అయిదుసార్లయితే 5 ఎక్స్. ఇవాళ ట్రౌట్ వేటకు అమ్మే నైలాన్ చుట్ట మీద కూడా 5 ఎక్స్ అని ఉంటుంది. ఆ నైలాన్‌ను ఎవరూ అలా లాగలేదు, పలకలోని అంకె ఒక్కటే మిగిలింది.

ఇంత జరిగినా చిన్న లూర్ విసరడం ఇంకా కుదరలేదు. పాత రీల్‌లో లూర్ బరువే డ్రమ్మును తిప్పాలి, రెండు మూడు గ్రాములకు అది కదలదు. దారి చూపింది ఒక మిల్లు యజమాని. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని వ్యాపారం చేసే ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్, మిల్లులో దారం కండె కొస మీదుగా జారిపోయే పద్ధతినే రీల్‌కు తెచ్చి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. కండె కదలదు, దారం దానిమీద నుంచి ఊడి వెళ్లిపోతుంది. సన్నని పట్టుదారంతో చిటికెడు బరువున్న లూర్ కూడా దూరం పోయింది. పెర్చ్ లూర్ వేట ఇవాళ్టి రూపానికి రావడం అక్కడే మొదలు.

ఆ తర్వాతిదంతా ప్రయోగశాలల కథ. అమెరికాలో డూపాంట్ కంపెనీ రసాయనవేత్త వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్ తయారుచేసింది. 1938లో లోకానికి ప్రకటించారు, టూత్‌బ్రష్ కుచ్చులుగా ముందు బజారులోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొద్దికాలానికే, నైలాన్ దారం పోటీకి తట్టుకోలేక ముర్సియా పట్టుపురుగు నరం పరిశ్రమ కూలిపోయింది. 1971లో జపాన్‌కు చెందిన కురేహా కంపెనీ ఫ్లోరోకార్బన్ లైన్ తెచ్చింది. కాంతిని వంచే తీరులో అది నైలాన్ కంటే నీటికి దగ్గరగా ఉంటుంది, అందుకే నీళ్లలో అంత తేలిగ్గా కనబడదు. బరువు కాబట్టి మునుగుతుంది. 1990లలో అల్లిక లైన్ వచ్చింది. పదార్థం మన సంచుల్లో ఉండే పాలిథిన్ జాతిదే, కాకపోతే అణువులు చాలా పొడుగ్గా, అన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. నైలాన్‌తో పోలిస్తే ఇది సాగనట్టే. చేప ముట్టుకుంటే వేలికి తెలుస్తుంది, నీళ్లమీద తేలుతుంది.

పోయిందేమిటంటే, దారం ఎంపికలో ఉన్న చేతిపని. కాలానికో రంగు, నీటికో రంగు వేసుకున్నవాడు నది అడుగును కూడా చూసి ఉంటాడు. ఇప్పుడు డబ్బా మీద అంకె చదివితే చాలు. ఇది నిజంగా నష్టమేనని నా అభిప్రాయం. ఇటలీలో సేసియా నది లోయలో కొందరు ఇంకా గుర్రపు వెంట్రుకలు పేని ట్రౌట్ పడుతున్నారు కాబట్టి ఆ విద్య పూర్తిగా పోలేదు.

ఇవాళ పెర్చ్‌కు నా ఓటు ఇలా: రీల్‌మీద 0.06 నుంచి 0.10 మిల్లీమీటర్ల అల్లిక లైన్, దాని ముందు ఒకటి ఒకటిన్నర మీటర్ల ఫ్లోరోకార్బన్. సన్నని అల్లిక గాలిలో తక్కువ ఆగుతుంది, లూర్ దూరం పోతుంది. అల్లిక సాగదు కాబట్టి పెర్చ్ నోటి పొరను కాపాడే పని మెత్తటి కర్రకూ, వదులుగా పెట్టిన రీల్ బిగింపుకూ అప్పగించాలి. పైక్ తిరిగే నీళ్లయితే ఫ్లోరోకార్బన్ చివర సన్నని తీగ తప్పదు, ఆ విషయంలో 1496 నాటి సలహా ఇప్పటికీ పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం 0.18 మామూలు నైలాన్ ఒక్కటే మంచిది. సాగుతుంది, ముడి నిలుస్తుంది, తప్పుల్ని భరిస్తుంది.

ఒక్క సంగతి ఏ డబ్బా మీదా పెద్దక్షరాల్లో ఉండదు. వెంట్రుకా పట్టుపురుగు నరమూ కుళ్లి మట్టిలో కలిసేవి. నైలాన్ కలవడానికి వందల ఏళ్లు పడుతుందని అంచనా. దారం ముక్కలు కాళ్లకు చుట్టుకుని కొంగలూ బుడుబుంగలూ చచ్చిపోతున్నాయి. యూరప్ సరస్సు దగ్గరైనా మన చెరువు గట్టుమీదైనా, కోసిన ముక్క ఎంత చిన్నదైనా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, కత్తెరతో ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి.