మేనరికం, ఒంటి వాసన, హెచ్‌ఎల్‌ఏ జన్యువులు: సికింద్రాబాదు నుంచి ఒక పరిశీలన

1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పరిశోధకుడు క్లాస్ వెడెకిండ్ 44 మంది యువకులకు నూలు టీషర్టులిచ్చి రెండు రాత్రులు వాటితోనే పడుకోమన్నాడు. సెంటు, సిగరెట్టు, ఘాటైన తిండి వద్దన్నాడు. ఆ తర్వాత చొక్కాలను అట్టపెట్టెల్లో పెట్టి, పెట్టెకున్న కంత గుండా 49 మంది యువతుల చేత వాసన చూపించాడు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన తమ హెచ్‌ఎల్‌ఏ జన్యువులకు దగ్గరగా లేని మగవాళ్ల చొక్కాలే వాళ్లకు ఎక్కువ ఇంపుగా తోచాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్ల దగ్గర ఫలితం తలకిందులైంది. రోగనిరోధక జన్యువులే ఆకర్షణను నడిపిస్తాయన్న మాట జనంలో పాకడానికి చాలామటుకు ఈ చొక్కాలే కారణం.

సికింద్రాబాదులో కూర్చుని ఈ ప్రయోగం గురించి చదివితే ముందుగా వచ్చే సందేహం ఒకటే: మన దగ్గర వాసన చూసేదెవరు? పెళ్లిచూపుల గదిలో ముక్కుకు తగిలేవి మల్లెపూలు, పౌడరు, లోపలి నుంచి వచ్చే ఉప్మా పోపు. పిల్లా పిల్లాడూ ఎదురెదురుగా కూర్చునేసరికే కులం, గోత్రం, జాతకం, ఆస్తి అన్నీ పెద్దల జల్లెడ దాటి ఉంటాయి. వెడెకిండ్ సిద్ధాంతంలో ఎంపిక వ్యక్తిది, ఇక్కడ అది కుటుంబానిది. పైగా కుటుంబం పట్టే జల్లెడ హెచ్‌ఎల్‌ఏ విషయంలో అవతలి దిక్కుకు లాగుతుందని నా వాదన.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోము పొట్టి భుజం మీద గుంపుగా ఉంటాయి. కణం లోపలి ప్రోటీను ముక్కలను పైకి తెచ్చి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు చూపించడం వీటి నుంచి తయారయ్యే అణువుల పని. మనుషుల్లో వీటికి వేల రూపాలున్నాయి. ఇంత వైవిధ్యానికి మూలం అంటురోగాలే కావచ్చన్న ఆలోచనకు 1949లో శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ రాసిన వ్యాసం పునాది. రోగం జన్యువులను ఎలా ఏరుతుందో చెప్పడానికి మలేరియాను మించిన ఉదాహరణ లేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1991లో ఏడ్రియన్ హిల్ బృందం గాంబియా పిల్లల్లో హెచ్‌ఎల్‌ఏ-బి53 రూపం తీవ్ర మలేరియా నుంచి కాపాడుతుందని చూపింది. జన్యువుకూ రోగానికీ ఉన్న ఈ లంకె గట్టిది. జన్యువుకూ ఆకర్షణకూ ఉందంటున్న లంకెకు అంత బలం లేదు.

ముఖం సంగతే తీసుకుంటే, 2005లో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో స్త్రీలు తమ హెచ్‌ఎల్‌ఏకు దగ్గరగా ఉన్నవాళ్ల ముఖాలనే మెచ్చారు. వాసన ఒకటి చెబితే ముఖం దానికి ఎదురు చెప్పింది. దంపతుల విషయమూ అంతే. అమెరికాలోని హటరైట్లనే క్రైస్తవ శాఖలో భార్యాభర్తల హెచ్‌ఎల్‌ఏలు అనుకున్నదానికన్నా తక్కువగా కలిశాయి. దక్షిణ అమెరికా ఆదివాసుల్లో 194 జంటలను చూస్తే అలాంటిదేమీ కనబడలేదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2020లో లెక్కగట్టినప్పుడు మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రభావం తేలలేదు.

ఇక మేనరికం. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సాధారణంగా కట్టగా సంక్రమిస్తాయి. తాతవి అ, ఆ కట్టలు, అమ్మమ్మవి ఇ, ఈ కట్టలు అనుకుందాం. అక్కకు అ, ఇ వచ్చాయి. ఆమె కూతురికి తల్లి నుంచి అ వచ్చింది. మేనమామకు కూడా తాత నుంచి అ కట్టే వచ్చి ఉండే అవకాశం సగం. ఆ మేనమామే ఆమెను పెళ్లాడితే, పుట్టే బిడ్డకు రెండు వైపుల నుంచీ ఒకే కట్ట రావడానికి అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్ల పిల్లల్లో అది పదహారింట ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి చుట్టరికాలేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పైగా బావ అనే పిలుపుతోనే సరసానికి అనుమతి దొరికే సమాజం మనది. ఆకర్షణ ముక్కులో పుట్టకముందే వరసలో పుడుతుంది.

దీనికి కులం తోడు. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించారు. చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా లోలోపలే పెళ్లాడుతూ వచ్చాయని తేల్చారు. కాబట్టి ఇక్కడి దంపతుల హెచ్‌ఎల్‌ఏ పోలికను నగరం మొత్తంతో తూచడం తప్పు. అదే కులంలో, అదే చుట్టరికపు దూరంలో ఉన్న జంటలతో తూచాలి, మిగతా జన్యువుల పోలిక ప్రభావాన్నీ మినహాయించి చూడాలి. అది చేయనంతవరకు ఆకర్షణ సిద్ధాంతాన్ని మన పెళ్లిళ్లకు అంటగట్టడం తొందరపాటే.

హెచ్‌ఎల్‌ఏ చూసి జోడీ కుదురుస్తామనే కంపెనీలు విదేశాల్లో ఉన్నాయి. వాటి రిపోర్టును జాతకం పక్కన పెట్టనక్కర్లేదు. పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. మలేరియా మన రక్తంలో వదిలిన గుర్తుల్లో థలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఒకటని సూచించిందీ హాల్డేనే. పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించే ఉద్దేశముంటే, ముఖ్యంగా మేనరికమైతే, ఇద్దరికీ థలసీమియా పరీక్ష చేయించండి.