తాళం చెవి చేతికొచ్చాక

1993లో చెన్నైలో ఇరవై దాటీ దాటని ఇద్దరు స్నేహితురాళ్లు, వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్, మతి చెదిరి వీధిలో తిరుగుతున్న ఒక మహిళకు నీడ కోసం తలుపు తలుపూ తట్టారు. ఎక్కడా చేర్చుకోలేదు. చివరికి తామే ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. 2023లో ముప్పై ఏళ్లు నిండిన ‘ది బాన్యన్’ అలా మొదలైంది.

తర్వాత చెన్నైలోనే మొగప్పైర్‌లో బాన్యన్ వాళ్ల ‘అడైకలం’ వెలిసింది. వీధిన పడ్డ ఆడవాళ్లకు వైద్యం చేసి, ఊరూ పేరూ కనుక్కుని, సొంతవాళ్ల దగ్గరికి చేర్చడం అక్కడి పని. చాలామందిని చేర్చారు కూడా. చిక్కల్లా మిగిలినవాళ్లతోనే. కొందరికి నా అన్నవాళ్లు లేరు, కొందరిని ఇంటివాళ్లు రానివ్వరు, కొందరికి వెనక్కి వెళ్లాలనే లేదు. జబ్బు కుదుటపడ్డా ఏళ్ల తరబడి వార్డే వాళ్లకు దిక్కయింది.

అలాంటివాళ్ల కోసమే 2015లో ‘హోమ్ అగైన్’ మొదలుపెట్టారు. మామూలు వీధి, మామూలు అద్దె ఇల్లు, అందులో నలుగురో ఐదుగురో. ఎవరితో కలిసి ఉండాలో వాళ్లే తేల్చుకుంటారు. ఫలానా తేదీకి ఖాళీ చేయాలన్న గడువు లేదు.

ఆ ఇల్లు నిలబడటానికి అసలు ఆసరా పర్సనల్ అసిస్టెంట్లు. వీళ్లలో ఎక్కువమంది పెద్ద డిగ్రీలు లేని మామూలు ఆడవాళ్లే. అవసరం ఎక్కువున్న చోట ఇంట్లోనే ఉంటారు, తక్కువున్న చోటికి వచ్చిపోతుంటారు. వార్డులో వేళకు కంచం ముందుకొస్తుంది. ఇక్కడ పొద్దున్నే ఏం కూర వండాలో తేల్చాలి, సంతకెళ్లి బేరమాడాలి, మాత్ర మరిచిపోకూడదు, పక్కింటావిడతో మాటా మాటా పెరిగితే సర్దుకోవాలి. బ్యాంకు ఖాతా, ఆధార్, పింఛను కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. వీటన్నిటికీ పక్కనే ఒక మనిషి ఉండటం వల్లే ఇల్లు చేజారదు. అద్దెకు డబ్బు సమకూర్చి, ఈ మనిషి జీతాన్ని అనవసరపు ఖర్చుగా కొట్టేస్తే ఈ పద్ధతి మూలానికే దెబ్బ తగులుతుంది.

తమిళనాడు దాటి ఈ ఇళ్లు కేరళకూ, అస్సాంకూ వెళ్లాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో దీన్ని మంచి నమూనాగా చూపింది.

మన దేశంలో ఇలా నీడ చూపడం దాతల దయమీద వదిలేసిన విషయమూ కాదు. ఇంటివాళ్లు వద్దన్నారనో, తలదాచుకునే చోటు లేదనో ఎవరినీ మానసిక ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. అలాంటివాళ్లకు నలుగురి మధ్య బతికే ఏర్పాటు చేయాల్సిన బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రికీ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికీ వర్తించేది ఈ సెక్షనే.