ఈతకొలను బోర్డు వెనక కథ

అమెరికాలో అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఓ బోర్డు ఉంటుంది. అది చెయ్యొద్దు, ఇది చెయ్యొద్దు అని. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అగ్రిమెంట్ చదివినట్టే మనవాళ్ళు దాన్నీ చదువుతారు. అంటే చదవరన్నమాట! ఈ రూల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయా అని తవ్వుకుంటూ పోతే కొన్నిటి వెనక కథలు మామూలుగా లేవు.

ముందు ఒక సంగతి. పూల్ శుభ్రత ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం చూసే పని కాదు. రాష్ట్రాలు, కౌంటీలు ఎవరి రూల్స్ వాళ్ళు రాసుకుంటాయి. 1908లో జెర్సీ సిటీ తన మంచినీళ్ళలో క్లోరిన్ కలపడం మొదలెట్టింది. ఆ పద్ధతే తర్వాత ఈతకొలనులకీ పాకింది. క్లోరిన్ ఉంటే చాలు, భయం లేదని చాలాకాలం అందరి ధీమా.

ఆ ధీమాని 2005లో న్యూయార్క్ రాష్ట్రం పోగొట్టింది. సెనెకా లేక్ స్టేట్ పార్కులో పిల్లలాడుకునే నీటి ఫౌంటెన్ల వల్ల 3000 మందికి పైగా జబ్బుపడ్డారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. ఈ.కోలై లాంటివి పూల్ క్లోరిన్‌లో నిమిషాల్లో చస్తాయి, ఇది మాత్రం వారం దాటినా బతుకుతుంది. అక్కడేమో అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నాయి. ఆ తర్వాతే అలాంటి చోట్ల అల్ట్రావయొలెట్ శుద్ధి ఉండాలని రాష్ట్రం రూల్ పెట్టింది. విరేచనాలైతే నీళ్ళలో దిగొద్దని బోర్డు మీద రాసేది అందుకే.

రెండోది ఇంకా బాధాకరం. 2002 జూన్‌లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్‌లో డ్రెయిన్ లాగేయడంతో చనిపోయింది. ఈత బాగా వచ్చిన పిల్లే. తల్లి లాగినా రాలేదు. లెక్క వేసి చూడండి: 8 అంగుళాల డ్రెయిన్ మీద సగం వాతావరణ పీడనం తేడా ఉన్నా దాదాపు 160 కిలోల బలం! ఆ తల్లి పోరాటంతో 2007 డిసెంబర్‌లో పాప పేరుతోనే చట్టం వచ్చింది, అదీ ఓ ఇంధన బిల్లులో భాగంగా. 2008 డిసెంబర్ నుంచి పబ్లిక్ పూల్స్ అన్నిటికీ మనిషిని పట్టేయని డ్రెయిన్ మూతలు తప్పనిసరి. అపార్ట్‌మెంట్, హోటల్ పూల్స్ కూడా ఇందులోకే వస్తాయి.

2014లో సీడీసీ ఒక నమూనా కోడ్ విడుదల చేసింది. ఓపెన్ సోర్స్ లాంటిదే, ఇష్టమైన రాష్ట్రం వాడుకోవచ్చు, బలవంతం లేదు. నాకు నచ్చనిది ఇదే. ఒక రాష్ట్రంలో ప్రాణాలు తీసి నేర్పిన పాఠం పక్క రాష్ట్రానికి ఐచ్ఛికం ఎలా అవుతుంది? ప్రొడక్షన్‌లో బగ్ పడ్డాకే ప్యాచ్ వేస్తామంటే కోడ్ విషయంలో సర్దుకుంటాం, పిల్లల విషయంలో కాదు కదా.

ఈసారి పిల్లల్ని దింపే ముందు నీటి అడుగున డ్రెయిన్ మూత ఉందా, పగిలిందా చూడండి. అది లేకపోతే ఎంత మంచి ఈతగాళ్ళనీ దిగనివ్వకండి.