గిట్ రిపోజిటరీ ఆఫీస్ షేర్ డ్రైవ్‌లో ఉందా? పాడవకముందే ఇవి చూసుకోండి

కాలేజీ ల్యాబ్, చిన్న స్టార్టప్, ప్రభుత్వ శాఖలో ఐటీ విభాగం... చాలాచోట్ల ఇదే కనిపిస్తుంది. నలుగురైదుగురు కలిసి ఒక అప్లికేషన్ రాస్తుంటారు. మూలన ఒక నాస్ పెట్టె ఉంటుంది. అది అందరి కంప్యూటర్లలో జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. వర్డ్ ఫైళ్లు, ఎక్సెల్ షీట్లు అందులోనే ఉన్నాయి కాబట్టి కోడ్ రిపోజిటరీని కూడా అక్కడే పెట్టేద్దామని ఎవరో అంటారు. పెట్టేస్తారు. నెలల తరబడి బాగానే నడుస్తుంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ‘ఆబ్జెక్ట్ ఫైల్ ఖాళీగా ఉంది’ అని గిట్ మొరాయిస్తుంది.

మీరు ఫోన్‌లో బిల్లు కట్టే యాప్ అయినా, సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే పోర్టల్ అయినా దాని కోడ్ ఎక్కడో ఒక రిపోజిటరీలో ఉంటుంది. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారన్న చరిత్ర కూడా అందులోనే ఉంటుంది. అది పాడైతే నడుస్తున్న సేవ వెంటనే ఆగిపోకపోవచ్చు. కానీ రేపు ఒక లోపం దిద్దాలంటే ఏ కోడ్ అసలుదో తేల్చుకోవడమే పెద్ద పని అవుతుంది. అందుకే షేర్ డ్రైవ్‌లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది ముందే తెలుసుకోవడం మంచిది.

ఫైల్ షేరింగ్ వేరు, రిపోజిటరీ వేరు

లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను మొదలుపెట్టారు. అందులో ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి చరిత్రతో సొంత కాపీ ఉంటుంది. దాన్నే క్లోన్ అంటారు. ఎవరి పని వాళ్ల డిస్క్‌లో చేసుకుని, చివరికి ఉమ్మడి రిపోజిటరీకి పుష్ చేస్తారు.

షేర్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్ తెరిచి అందరూ అందులోనే పనిచేస్తే ఈ లాభమంతా పోయినట్లే. ఆ ఫోల్డర్‌కు ఉండేది ఒకే ఇండెక్స్, ‘ప్రస్తుతం ఏ బ్రాంచ్‌లో ఉన్నాం’ అని చెప్పే ఒకే గుర్తు. మీరు ఫైల్ ఎడిట్ చేస్తుండగా పక్క సీటాయన బ్రాంచ్ మారిస్తే మీ కళ్లముందే ఫైళ్లు మారిపోతాయి. మీరు సిద్ధం చేసుకున్న మార్పులు ఆయన కమిట్‌లో కలిసిపోవచ్చు. దీన్ని ఏ సెట్టింగూ బాగుచేయదు. మీ ఆఫీసులో ఇలా నడుస్తుంటే మిగతాది చదివే ముందు దీన్ని ఆపించండి.

ఉమ్మడి రిపోజిటరీ మాత్రమే షేర్‌లో ఉండి, ఎవరి క్లోన్ వాళ్ల డిస్క్‌లో ఉండటం దీనికంటే చాలా నయం. అందులోనూ చిక్కులు ఉన్నాయి.

తాళం అందరికీ ఒకేలా కనిపించాలి

బ్రాంచ్‌ను కొత్త కమిట్‌కు జరిపే ముందు గిట్ ‘లాక్’ అనే తోకతో ఒక చిన్న ఫైల్ సృష్టిస్తుంది. ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉంటే వెనక్కి తగ్గుతుంది. పని అయ్యాక ఆ ఫైల్ పేరును అసలు పేరుగా మారుస్తుంది. పబ్లిక్ టాయిలెట్ తలుపు గడియ లాంటిదే ఇది. లోపల ఎవరైనా ఉన్నారా లేదా అన్నది బయటున్న వాళ్లందరికీ ఒకేలా, వెంటనే తెలియాలి. ఒకే కంప్యూటర్‌లో ఆ హామీని ఆపరేటింగ్ సిస్టమ్ ఇస్తుంది. నెట్‌వర్క్ మీద ఆ హామీ సడలిపోతుంది.

లైనక్స్ ప్రపంచంలో ఎక్కువగా వాడే ఎన్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. దాని రెండో వెర్షన్‌లో ‘లేకపోతేనే సృష్టించు’ అనే పనికి గట్టి హామీ లేదు. 1995 నాటి మూడో వెర్షన్ దాన్ని సరిచేసింది. ఫైల్ లాకింగ్ మాత్రం నాలుగో వెర్షన్ వచ్చేదాకా వేరే ప్రోటోకాల్‌గానే ఉండిపోయింది. కాబట్టి ఇప్పటి వెర్షన్లలో తాళం వేయడం వరకు ఫర్వాలేదు.

ఇప్పుడు ఇబ్బంది పెట్టేది కాష్. వేగం కోసం ప్రతి కంప్యూటర్ ఫైళ్ల వివరాలను కొద్దిసేపు తన దగ్గరే గుర్తుంచుకుంటుంది. లైనక్స్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం ఫైళ్లకు ఇది 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్లకు 30 నుంచి 60 సెకన్లు. అంటే అవతలి కంప్యూటర్ ఇప్పుడే చేసిన మార్పు మీకు కాసేపు కనిపించకపోవచ్చు.

అసలైన గొడవ చెత్త ఊడ్చేటప్పుడు వస్తుంది. విడి ఆబ్జెక్టులు సుమారు 6,700 దాటితే గిట్ దానంతట అదే వాటిని ప్యాక్ ఫైళ్లుగా చుట్టి, పాతవి తీసేస్తుంది. మీరు చదువుతున్న ఫైల్‌ను మీ సొంత డిస్క్‌లో వేరే ప్రోగ్రామ్ తొలగించినా, మీ చదవడం పూర్తయ్యేదాకా అది అందుబాటులో ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద అవతలి కంప్యూటర్ తొలగిస్తే మీకు ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అనే ఎర్రర్ వస్తుంది. పైగా ఈ శుభ్రం చేసే పని ఇంకొకరు చేస్తున్నారా అని చూసేందుకు గిట్ ఒక ప్రాసెస్ నంబరును, కంప్యూటర్ పేరును రాసి పెట్టుకుంటుంది. అదే కంప్యూటర్ అయితే ఆ ప్రాసెస్ బతికే ఉందో లేదో కనుక్కోగలదు. వేరే కంప్యూటర్‌దైతే కనుక్కునే దారి లేదు. 12 గంటల్లోపుదైతే ఇంకా నడుస్తోందని అనుకుని ఊరుకుంటుంది.

ఒక ఊరట ఉంది. గిట్‌లో ఆబ్జెక్ట్ పేరు దాని లోపలి సమాచారం నుంచే పుడుతుంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు విషయాలు రావు కాబట్టి ఇద్దరు ఒకేసారి రాసినా పాత కమిట్లు కలగాపులగం కావు. దెబ్బ ఎక్కువగా బ్రాంచ్ గుర్తులకు, ఇండెక్స్‌కు, సగం రాసి ఆగిపోయిన ఫైళ్లకు తగులుతుంది. నెలల తరబడి ఏమీ కాకుండా నడవడానికి కారణం ఇదే.

కరెంటు కోత సంగతి

ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో ‘ఎసింక్’ అనే ఎంపిక పెడితే, డిస్క్ మీద రాయకముందే ‘రాసేశాను’ అని జవాబిస్తుంది. వేగం బాగుంటుంది. ఆ క్షణంలో కరెంటు పోతే గిట్ భద్రంగా ఉందనుకున్న ఫైల్ సున్నా సైజులో మిగులుతుంది. మన దగ్గర నాస్‌కు యూపీఎస్ పెట్టని ఆఫీసులు తక్కువేమీ కాదు. రిపోజిటరీ ఉన్న షేర్‌కు ‘సింక్’ ఎంపికే ఉండాలి. కంప్యూటర్ల వైపు ‘సాఫ్ట్’ మౌంట్ వద్దు, ‘హార్డ్’ మౌంట్ పెట్టించండి. సాఫ్ట్‌లో నెట్‌వర్క్ కాస్త తడబడితే రాత మధ్యలోనే తెగిపోతుంది.

నెమ్మదితనం ఎలాగూ ఉంటుంది. ‘గిట్ స్టేటస్’ కొడితే అది ప్రతి ఫైల్ వివరాన్నీ అడుగుతుంది. లైనక్స్ కెర్నల్‌లా 70 వేలకు పైగా ఫైళ్లున్న ప్రాజెక్టులో ఒక్కోదానికి అర మిల్లీసెకను పట్టినా, ఒకదాని తర్వాత ఒకటి అడిగితే 35 సెకన్లు పోతాయి. విండోస్ షేర్ మీదైతే ఫైళ్ల అనుమతులు మారినట్లు కనిపించి, ఎవరూ ముట్టుకోని ఫైళ్లు కూడా మారిన జాబితాలోకి రావచ్చు.

మరి ఎలా పెట్టాలి?

డిస్క్ ఏ యంత్రానికి తగిలించి ఉందో గిట్ కూడా అదే యంత్రంలో నడవాలి. నాస్‌లోనే గిట్, ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోవచ్చు. కొన్ని నాస్ కంపెనీలు గిట్ సర్వర్ ప్యాకేజీ కూడా ఇస్తున్నాయి. అది కుదరకపోతే పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసినా చాలు. వెబ్ పేజీలో చూసుకోవాలంటే గిటీ లాంటి తేలికపాటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అప్పుడు మీ కంప్యూటర్ ఫైళ్లను నేరుగా ముట్టుకోదు. సర్వర్‌లోని గిట్‌ను అడుగుతుంది, తాళాలన్నీ ఒకే యంత్రంలో పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. షేర్‌లో రాసే అనుమతి ఉన్న ఎవరైనా పొరపాటున ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేయగలరు. గిటీ లాంటివి పెట్టి, షేర్ దారి మూసేస్తే ఆ అవకాశం ఉండదు.

పెద్ద సంస్థలు కూడా ఇదే దారి పట్టాయి. గిట్‌ల్యాబ్ ఒకప్పుడు రిపోజిటరీలను ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టి అనేక సర్వర్ల నుంచి చదివేది. తర్వాత గిటాలీ అనే సేవను రాసుకుని, డిస్క్ ఉన్న యంత్రంలోనే గిట్ నడిచేలా మార్చుకుంది. 2018లో గిటాలీ 1.0 నాటికి ఎన్‌ఎఫ్‌ఎస్ అవసరమే లేకుండా చేసుకుంది.

సర్వర్ పెట్టే వీలు నిజంగా లేదా? అయితే షేర్‌లో బేర్ రిపోజిటరీ మాత్రమే ఉంచండి. పని చేసే ఫైళ్లు అందులో ఉండవు, చరిత్ర మాత్రమే ఉంటుంది. ‘షేర్డ్’ ఎంపికను గ్రూప్‌కు పెట్టి సృష్టిస్తే అనుమతుల గొడవ తగ్గుతుంది. దానంతట అదే శుభ్రం చేసే సెట్టింగ్‌ను షేర్‌లోని రిపోజిటరీలో ఆపేయండి. అందరూ ఇంటికెళ్లాక ఒకే కంప్యూటర్ నుంచి ఒకరే ఆ పని చేయాలి.

‘డూబియస్ ఓనర్‌షిప్’ అనే హెచ్చరిక వస్తే కంగారు పడకండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి, వేరే యూజర్ పేరు మీదున్న రిపోజిటరీలో గిట్ పనిచేయడానికి ఒప్పుకోదు. ఉమ్మడి డిస్క్‌లో ఎవరైనా దొంగ సెట్టింగ్‌లు పెట్టి మీ పేరుతో ఆదేశాలు నడపకుండా ఈ జాగ్రత్త. మీకు తెలిసిన ఆ ఒక్క ఫోల్డర్‌నే ‘సేఫ్ డైరెక్టరీ’ జాబితాలో చేర్చండి. నక్షత్రం గుర్తు పెట్టి అన్నింటికీ తలుపు తీయమని ఇంటర్నెట్‌లో దొరికే చిట్కా మాత్రం వద్దు.

గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో రిపోజిటరీ పెట్టి సింక్ చేయడం ఇంకా ప్రమాదం. అవి ఫైళ్లను తమకు తోచిన వరసలో ఎక్కిస్తాయి. బ్రాంచ్ గుర్తు ముందు చేరి, అది చూపించే కమిట్ తర్వాత చేరవచ్చు. ఇద్దరు ఒకేసారి మారిస్తే ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అనే రెండో ఫైల్ పుడుతుంది. గిట్‌కు అది చెడ్డ గుర్తులా కనిపిస్తుంది. గిట్ అధికారిక ప్రశ్నోత్తరాల పేజీ కూడా ఇలా చేయొద్దనే చెబుతోంది.

ఇంకా సబ్‌వర్షన్ వాడుతున్నారా? పాత ప్రాజెక్టులు చాలా దానిమీదే ఉన్నాయి. దాని తొలి బర్కిలీ డీబీ నిల్వను నెట్‌వర్క్ షేర్ మీద పెట్టకూడదని మొదటి నుంచీ చెప్పారు. 2004లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ నిల్వ ఆ విషయంలో మెరుగు. అయినా అందరూ ఫైల్ దారితో నేరుగా తెరవకుండా ఎస్‌వీఎన్‌సర్వ్ గానీ అపాచీ గానీ పెట్టుకోవడమే మేలు.

ప్రభుత్వ ప్రాజెక్టుల్లో అయితే

ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి, కలిసి అభివృద్ధి చేసే విధానాన్ని కేంద్రం 2015లో ప్రకటించింది. అందుకోసం ఓపెన్‌ఫోర్జ్ అనే వేదిక ఉంది. ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను 2020 మేలో గిట్‌హబ్‌లో పెట్టారు. మీరు ఒక శాఖ తరఫున ప్రైవేటు సంస్థతో యాప్ చేయిస్తుంటే, చివరి రోజున జిప్ ఫైల్ తీసుకుని సంతకం పెట్టకండి. పూర్తి చరిత్రతో రిపోజిటరీని అప్పగించాలని ఒప్పందంలోనే రాయించండి. జిప్‌లో ఇవాళ్టి కోడ్ ఉంటుంది, ఏ మార్పు ఎందుకు చేశారన్నది ఉండదు.

ఇప్పటికే పాడైతే

మొదట అందరినీ పని ఆపమనండి. షేర్‌లోని ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోటికి కాపీ చేయండి. లాక్ ఫైల్ అడ్డంగా ఉంటే ఏ కంప్యూటర్‌లోనూ గిట్ నడవడం లేదని తేల్చుకున్నాకే తీయండి. తర్వాత ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే’ నడిపితే ఏవి లేవో, ఏవి చెడిపోయాయో చెబుతుంది. పోయినవి చాలావరకు సహోద్యోగుల క్లోన్లలో ఉంటాయి. చివరగా పుష్ చేసిన వ్యక్తి ల్యాప్‌టాప్ నుంచి మొదలుపెట్టండి. కొత్త బేర్ రిపోజిటరీ సృష్టించి, అందరి క్లోన్ల నుంచీ అందులోకి పుష్ చేయడం పాతదాన్ని అతుకులేసి నడపడం కంటే తేలిక.

బ్యాకప్‌కు రిపోజిటరీ ఫోల్డర్‌ను పని గంటల్లో అలాగే కాపీ చేయొద్దు. మధ్యలో ఎవరైనా పుష్ చేస్తే సగం పాతది, సగం కొత్తది వస్తుంది. ‘గిట్ బండిల్’ మొత్తం చరిత్రను ఒక్క ఫైల్‌గా కట్టి ఇస్తుంది. మీ షేర్ డ్రైవ్‌లో ఆ ఫైల్‌ను నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నెలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో క్లోన్ చేసి, ఎఫ్‌ఎస్‌సీకే నడిపి చూడండి.