మంచు దేశంలో నీళ్ళ ఆటల పాలీహౌస్ – విస్కాన్సిన్ డెల్స్ కథ



ఇవాళ పంట గురించి కాదు, ఒక ఊరి గురించి రాస్తున్నాను. అమెరికాలో ఉత్తరాన విస్కాన్సిన్ రాష్ట్రం ఉంది. అందులో విస్కాన్సిన్ డెల్స్ అని చిన్న పట్నం. చికాగో వైపు స్థిరపడిన మన పిల్లలు చలికాలంలో శని, ఆదివారాలు కుటుంబంతో అక్కడికి పోయొస్తుంటారు. బయట మంచు కురుస్తుంటుంది, లోపల పెద్ద కప్పు కింద పిల్లలు గోరువెచ్చని నీళ్ళలో జారుడుబల్లలు ఎక్కి కేరింతలు కొడుతుంటారు. ఫొటోలు చూస్తే ఇదేం విడ్డూరం అనిపిస్తుంది. కానీ దాని వెనక నూట యాభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో భూమి ఉంది, నది ఉంది, ఆనకట్ట ఉంది, కాగితం మీద సంతకం ఉంది. అన్నీ మనకు తెలిసిన సంగతులే, అందుకని ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నేల ఎవరిదో చెప్పుకోవాలి. అది హో-చంక్ అనే తెగవాళ్ళది. మొక్కజొన్న వేసుకుని, వేటాడుకుని బతికినవాళ్ళు. 1837లో వాళ్ళ మనుషులు కొందరు వాషింగ్టన్ పోయారు. భూమి అమ్మే అధికారం తెగ వాళ్ళకు ఇవ్వలేదు. అయినా ఒత్తిడి పెట్టి ఒప్పందం మీద సంతకాలు చేయించారు. ఖాళీ చేయడానికి ఎనిమిదేళ్ళ గడువుందని వాళ్ళు నమ్మారు. కాగితంలో ఉన్నది ఎనిమిది నెలలు! ఆ తర్వాత సైన్యం వాళ్ళను ఒక చోటి నుంచి ఇంకో చోటికి, నెబ్రాస్కా దాకా తరిమింది. తరిమినప్పుడల్లా చాలామంది కాలినడకన మళ్ళీ సొంత గడ్డకే వచ్చారు. చదవడం రానివాడి ముందు కాగితం పెడితే ఏమవుతుందో మన తాతలకూ తెలుసు కదా.

రెండో సంగతి రైలు వంతెన. 1850ల్లో ఆ నది ఒడ్డున న్యూపోర్ట్ అని ఒక ఊరు లేచింది. రైలు ఇక్కడే నది దాటుతుందని ఆశ. జనం ఎగబడి స్థలాలు కొన్నారు, ఇళ్ళు కట్టారు, దుకాణాలు పెట్టారు. చివరికి బైరన్ కిల్‌బోర్న్ అనే ఆయన ఆధ్వర్యంలోని రైలు కంపెనీ వంతెనను అక్కడ వేయలేదు, కాస్త ఎగువన వేసింది. 1857లో రైలు అటు నుంచి పోయింది. కొత్త ఊరికి ఆయన పేరే పెట్టారు, కిల్‌బోర్న్ సిటీ అని. న్యూపోర్ట్ జనం కొందరు ఇళ్ళను కూడా లాక్కుపోయి కొత్త ఊళ్ళో నిలబెట్టుకున్నారు. న్యూపోర్ట్ ఊరుగా మిగల్లేదు. రింగు రోడ్డు ఫలానా చోట వస్తుందంట అని ఎవరన్నా చెప్తే, అన్నా, ఈ న్యూపోర్ట్‌ను ఒకసారి తల్చుకోండి.

ఇక నది. మంచుయుగం చివర్లో ఒక పెద్ద సరస్సు గండిపడి, ఆ వరద ఇసుకరాతిని కోసుకుంటూ పోయింది. అట్లా ఏర్పడ్డ ఇరుకు లోయనే డెల్స్ అంటారు. ఎగువ అడవుల్లో కోసిన కలపను తెప్పలు కట్టి ఈ ఇరుకులోంచే దింపేవాళ్ళు. ప్రాణాలకు తెగించే పని. 1856లో ఆ తెప్పలు నడిపే లీరాయ్ గేట్స్ అనే ఆయన జనాన్ని పడవెక్కించి లోయ చూపించడం మొదలుపెట్టాడు.

ఊరి పేరు దేశమంతా తెలిసింది మాత్రం హెచ్.హెచ్. బెన్నెట్ అనే ఫొటోగ్రాఫర్ వల్ల. ఈయన అసలు వడ్రంగి. అమెరికా అంతర్యుద్ధంలో కుడిచేతికి గాయమై పాత పని సాగక 1865లో ఫొటో స్టూడియో కొన్నాడు. 1886లో ఆయన కొడుకు ఒక కొండరాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి దూకుతుంటే, గాల్లో ఉండగానే ఫొటో తీశాడు. అందుకు కావాల్సిన షట్టర్ కూడా ఆయనే తయారు చేసుకున్నాడు. ఆ ఫొటోలు చూసి జనం రైలెక్కి వచ్చారు. 1909కల్లా కరెంటు కోసం నది మీద ఆనకట్ట పూర్తయింది. ఎగువన నీళ్ళు పెరిగి, ఆయన ఫొటోలు తీసిన చోట్లు కొన్ని మునిగిపోయాయి. బెన్నెట్ దాన్ని వ్యతిరేకించాడు, కానీ అది పూర్తయ్యేలోపే 1908లో చనిపోయాడు. 1931లో ఊరి పేరు విస్కాన్సిన్ డెల్స్‌గా మార్చారు. వచ్చేవాళ్ళకు తెలిసిన పేరు అదే మరి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఊరికి రాబడి వేసవిలోనే. జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, అంటే మూడు నెలలు. ఆ తర్వాత బడులు తెరుస్తారు, చలి మొదలవుతుంది, జనం ఉండరు. రాబడి మూడు నెలలు, బ్యాంకు వాయిదా పన్నెండు నెలలు. మన వర్షాధారపు రైతు బాధే ఇది. విస్కాన్సిన్ పాడికి పేరుపడ్డ రాష్ట్రం. పాడి ఉన్నోడికి రోజూ నాలుగు డబ్బులు కళ్ళబడతాయి. హోటలు కట్టినోడు మాత్రం ఖాళీ గదులు చూసుకుంటూ కూర్చోవాలి.

వాళ్ళేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1927లో ఒక వాగుకు అడ్డం కట్టి లేక్ డెల్టన్ అనే చెరువు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక నేల మీదా నీళ్ళలోనూ నడిచే సైన్యం బండ్లు తెచ్చి యాత్రికుల్ని తిప్పారు. 1952 నుంచి టామీ బార్ట్‌లెట్ బృందం ఆ చెరువులో నీటి మీద స్కీయింగ్ విన్యాసాలు చూపించింది. 1979లో నోవాస్ ఆర్క్ అనే పెద్ద వాటర్ పార్కు వచ్చింది. అన్నీ బాగానే నడిచాయి, కానీ అన్నీ వేసవి పంటలే.

ఈలోగా కెనడాలో ఒక దారి కనపడింది. ఎడ్మంటన్ చలికి పేరుపడ్డ నగరం. అక్కడ 1986లో ఒక పెద్ద మాల్ లోపలే దాదాపు అయిదెకరాల నీళ్ళ పార్కు తెరిచారు. డెల్స్‌లో 1994లో పాలినేషియన్ అనే హోటలు తన ఆవరణలోనే కప్పు కింద నీళ్ళ పార్కు కట్టింది. అమెరికాలో ఇండోర్ వాటర్ పార్క్ రిసార్టు అనేది దీంతోనే మొదలైందని చెప్తారు. 1997లో నోవాస్ ఆర్క్ అన్నదమ్ములే బ్లాక్ వుల్ఫ్ లాడ్జ్ కట్టారు. దేశమంతా ఇప్పుడు కనపడే గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్‌లకు మూలం అదే. 2000లో కలహారి వచ్చింది. ఒకడు బోరేస్తే పక్కోడూ వేసినట్టు వరసగా కట్టుకుంటూ పోయారు.

కిటుకు ఏంటంటే, ఇది మనుషులకు వేసిన పాలీహౌస్. మనం కాలం కాని కాలంలో క్యాప్సికం పండించడానికి పాలీహౌస్ వేస్తామే, అట్లాగే వాళ్ళు కాలం కాని కాలంలో వేసవిని పండించారు. లోపల ఎప్పుడూ 29 డిగ్రీల వెచ్చదనం ఉంచుతారు. నీళ్ళ ఆవిరి చల్లటి గోడలకూ కప్పుకూ తగిలి చుక్కలు కడుతుంది. దాన్ని తీసేయకపోతే ఇనుము తుప్పు పడుతుంది, చెక్క పుచ్చిపోతుంది. క్లోరిన్ మనుషుల చెమటతో, మూత్రంతో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. కళ్ళు మండేది, ఘాటు వాసన వచ్చేది వాటివల్లే. అందుకని నీళ్ళు వడగట్టడానికి ఎంత శ్రద్ధో, గాలి మార్చడానికీ అంతే శ్రద్ధ కావాలి. ఈ ఖర్చంతా గది అద్దెలోనే వస్తుంది. చాలాచోట్ల గది తీసుకున్నవాళ్ళకు పార్కు అందులోనే కలిపి ఉంటుంది. బడి సెలవు శని, ఆదివారాలు కాబట్టి చికాగో నుంచి మూడు గంటలు బండి నడుపుకుని వచ్చి, రెండు రోజులుండి పోతారు. జనవరిలో ఖాళీగా ఉండే గదికి అట్లా కిరాయి వచ్చింది.

కప్పు వేసిన ప్రతివాడూ బాగుపడ్డాడని మాత్రం అనుకోవద్దు. జపాన్‌లోని మియాజాకిలో 1993లో ఓషన్ డోమ్ కట్టారు. 300 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, తెరుచుకునే కప్పు, లోపల కృత్రిమ సముద్రం. అసలు సముద్రం ఆ పక్కనే ఉంది! రిసార్టు కంపెనీ 2001లో అప్పుల్లో మునిగింది, 2007లో డోమ్ మూతపడింది. జర్మనీలో దానికి తిరకాసు. గాలి ఓడలు తయారు చేయడానికి కట్టిన 360 మీటర్ల పొడవు షెడ్డు, కంపెనీ 2002లో దివాలా తీస్తే ఖాళీ అయింది. దాన్నే ట్రాపికల్ ఐలాండ్స్ అనే నీళ్ళ పార్కుగా మార్చి 2004 డిసెంబరులో తెరిచారు. అది నడుస్తోంది. ఉన్న షెడ్డును, ఉన్న చలిని చూసుకుని దిగారు కాబట్టి. మన హైదరాబాదులో అదే 2004లో స్నో వరల్డ్ పెట్టి, ఎండల ఊళ్ళో మంచు అమ్మారు. ఎక్కడ ఏది కొరతో అక్కడ అదే సరుకు.

నది మాత్రం తన లెక్క తను చూసుకుంది. 2008 జూన్ 9న భారీ వానలకు లేక్ డెల్టన్ పక్క రోడ్డు తెగి, కొన్ని గంటల్లో చెరువంతా విస్కాన్సిన్ నదిలోకి పోయింది. ఒడ్డున ఇళ్ళు కొన్ని కొట్టుకుపోయాయి. కట్ట బాగుచేసి మళ్ళీ నింపుకునేసరికి ఏడాది పట్టింది.

ఇంకో మాట. పదేపదే తరిమినా తిరిగొచ్చిన ఆ హో-చంక్ వాళ్ళు ఏమయ్యారంటే, యాత్రికుల కోసం ఏళ్ళ తరబడి ఆటపాటలు ప్రదర్శించారు, బుట్టలల్లి అమ్ముకున్నారు. 1993లో డెల్స్ దగ్గరే సొంతంగా క్యాసినో తెరిచారు. జూదం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. తమ గడ్డ మీద వచ్చే రాబడిలో నూట యాభై ఏళ్ళ తర్వాత వాళ్ళ చేతికి పెద్ద వాటా వచ్చిందనేది చూడాలి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఇప్పుడు మన రోడ్ల పక్కన కూడా రిసార్టులకు భూమి కావాలని జనం తిరుగుతున్నారు. కొందరు కొంటామంటారు, కొందరు ముప్పై ఏళ్ళ లీజు అంటారు. మాట మీద గడువు వేరు, కాగితంలో గడువు వేరు. లీజు పత్రం చదువుకున్న పిల్లలతో అక్షరం అక్షరం చదివించుకోండి. మన చెరువులోంచి, బోర్లలోంచి వాళ్ళు ఎంత నీళ్ళు తీసుకుంటారో ముందే రాయించండి. ఆ వ్యాపారం పన్నెండు నెలలూ నడిచేదా, మూడు నెలలదా అని అడగండి. మూడు నెలలదైతే మిగతా తొమ్మిది నెలలు మీకు కౌలు ఎక్కడి నుంచి ఇస్తాడో కూడా అడగండి.

మీ ఊళ్ళో ఇట్లాంటి బేరాలు ఏమన్నా నడిచి ఉంటే, మంచి జరిగినా చెడు జరిగినా కింద రాయండి. పదిమందికి పనికొస్తుంది.