మలావి సిక్లిడ్ చేపల పెంపకం

మలావి సిక్లిడ్‌లు తూర్పు ఆఫ్రికాలోని మలావి సరస్సులో నివసించే మంచినీటి చేపలు. ఇవి సిక్లిడే కుటుంబానికి చెందినవి. సముద్రపు చేపలను తలపించే నీలం, పసుపు, నారింజ రంగుల వలన వీటిని ఇళ్ళలోని ఆక్వేరియంలలో విరివిగా పెంచుతారు. అయితే ఇవి గోల్డ్‌ఫిష్, గప్పీల వలె సాధు స్వభావం గలవి కావు. క్షారగుణం గల నీరు, రాళ్ళ మధ్య దాగే చోటు, తగిన ఆహారం, తగినంత స్థలం లేనప్పుడు ఇవి ఒకదానినొకటి చంపుకుంటాయి లేదా వ్యాధుల బారిన పడతాయి.

సహజ ఆవాసం

మలావి సరస్సు మలావి, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య ఉంది. దీని పొడవు సుమారు 580 కిలోమీటర్లు, గరిష్ఠ లోతు సుమారు 700 మీటర్లు. టాంజానియాలో దీనిని న్యాసా సరస్సు అంటారు. ఉపరితల జలాల ఉష్ణోగ్రత 23 నుండి 28 డిగ్రీల సెల్సియస్ వరకు, పి.హెచ్. విలువ 7.7 నుండి 8.6 వరకు ఉంటాయి.

ఈ సరస్సులో కొన్ని వందల సిక్లిడ్ జాతులున్నాయి. వీటిలో దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనబడవు. రాతి తీరాలలో ఉండే చేపలు మధ్యనున్న ఇసుక మైదానాలను దాటి వెళ్ళడం అరుదు. అందువలన ఒకే జాతి చేపలు ఒక్కొక్క రాతి దిబ్బ వద్ద ఒక్కొక్క రంగులో కనిపిస్తాయి. 1980లో ఏర్పాటైన మలావి సరస్సు జాతీయ ఉద్యానవనాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ముఖ్యమైన వర్గాలు

* ఎంబునా: రాళ్ళ మధ్య నివసించే చేపలు. అధిక శాతం జాతులు రాళ్ళపై పెరిగే నాచును, అందులోని సూక్ష్మజీవులను గీరి తింటాయి. పసుపు రంగు లాబిడోక్రోమిస్ సెరులియస్ వీటిలో శాంత స్వభావం గలది; కొత్తగా పెంచేవారికి అనువైనది. మెలనోక్రోమిస్ ఆరాటస్ మిక్కిలి దుడుకైనది. దీని ఆడ చేప పసుపు రంగులో నల్ల చారలతో ఉంటుంది. మగ చేప ఎదిగిన తరువాత ముదురు రంగుకు మారుతుంది.
* నెమలి సిక్లిడ్‌లు: ఆలోనోకారా ప్రజాతికి చెందినవి. ఇసుకలోని చిన్న జీవులను తింటాయి. మగ చేపలు రంగురంగులుగాను, ఆడ చేపలు బూడిద వన్నెలోను ఉంటాయి.
* హాప్‌లు: ఎక్కువగా ఇతర చేపలను వేటాడేవి. నింబోక్రోమిస్ లివింగ్‌స్టోని చచ్చినట్లు నేలపై పడి ఉండి, దగ్గరకు వచ్చిన చిన్న చేపలను పట్టుకుంటుంది.

ఎంబునాలను, నెమలి సిక్లిడ్‌లను ఒకే తొట్టెలో ఉంచితే ఎంబునాల దుడుకుతనానికి రెండవవి బెదిరి రంగు కోల్పోవచ్చు.

తొట్టె అమరిక

ఎంబునాలకు కనీసం 4 అడుగుల పొడవు, 200 లీటర్ల పరిమాణం గల తొట్టె అవసరం. లీటరు నీరు ఒక కిలో బరువు ఉంటుంది కనుక రాళ్ళు, గాజుతో కలిపి మొత్తం బరువు 250 కిలోలు దాటుతుంది. దానికి తగిన బలమైన బల్ల ఉండాలి. ఈ చేపలు ఇసుకను తవ్వుతాయి. అందువలన రాళ్ళను ముందుగా అడుగున స్థిరంగా పేర్చి, ఆ తరువాతనే ఇసుక పోయాలి. ఇసుకపై పేర్చిన రాళ్ళు జారి గాజు పగిలే ప్రమాదం ఉంది.

చేపలను వేయడానికి ముందు 4 నుండి 6 వారాల పాటు ఫిల్టరును నడిపి, అందులో మేలు చేసే బాక్టీరియా పెరగనివ్వాలి. ఇందుకు ఆ కాలంలో నీటికి కొద్దిగా అమ్మోనియా అందాలి. ఈ బాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తుంది. నీటిలో క్షారగుణం పెరిగే కొద్దీ అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది. కనుక ఇతర చేపల కన్నా వీటి విషయంలో ఈ జాగ్రత్త ముఖ్యం.

నీరు

తెలంగాణ, రాయలసీమలలో అనేక చోట్ల లభించే బోరు నీరు కఠినత్వం, క్షారగుణం కలిగి ఉండడం వలన ఈ చేపలకు తరచుగా సరిపోతుంది. అయినను పరీక్షించిన తరువాతనే వాడాలి. ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దానిని నేరుగా వాడరాదు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించవచ్చు. వారానికి ఒకసారి నాలుగవ వంతు నీటిని మార్చాలి.

వేసవిలో నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. విద్యుత్తు నిలిచిపోతే ఫిల్టరు కూడా ఆగుతుంది. అటువంటి సమయంలో బ్యాటరీతో నడిచే గాలి పంపు చేపల ప్రాణాలను కాపాడుతుంది.

ఆహారం, వ్యాధులు

నాచు తినే ఎంబునాల పేగు పొడవుగా ఉంటుంది. స్పైరులినా గల మేత, ఉడికించిన పాలకూర వీటికి తగినవి. మాంసం వంటి కొవ్వు పదార్థాలను పెట్టరాదు. సరిపడని ఆహారం, నీటి కాలుష్యం, తోటి చేపల వేధింపు వలన మలావి బ్లోట్ అనే వ్యాధి రావచ్చు. ఇది సోకిన చేప మేత మానివేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, తెల్లని దారం వంటి మలం కనిపిస్తుంది. ఉబ్బు కనిపించిన తరువాత చేప బ్రతకడం కష్టం. కనుక మేత మానిన తొలి రోజులలోనే దానిని వేరు చేసి చికిత్స చేయాలి.

పోట్లాట

ప్రతి మగ చేప కొంత చోటును ఆక్రమించి ఇతర చేపలను తరుముతుంది. రెండు మూడు చేపలే ఉన్నచో బలహీనమైనది చనిపోయే వరకు దెబ్బలు తింటుంది. అందువలన 4 అడుగుల తొట్టెలో 15 నుండి 20 చిన్న జాతుల చేపలను, ఒక మగ చేపకు మూడు ఆడ చేపల చొప్పున ఉంచుతారు. దీని వలన దాడి ఒక్క చేపపైనే పడదు. అయితే చేపలు పెరిగిన కొద్దీ వ్యర్థాలు కూడా పెరుగుతాయి. బలమైన ఫిల్టరు లేనిదే ఈ పద్ధతి పనికిరాదు. కొత్త చేపలను వేసేటప్పుడు రాళ్ళ అమరిక మారిస్తే పాత సరిహద్దులు చెరిగిపోతాయి.

సంతానోత్పత్తి

ఆడ చేప గుడ్లు పెట్టిన వెంటనే వాటిని నోటిలోకి తీసుకుంటుంది. మగ చేప ఆసన వాజముపై గుడ్లను పోలిన మచ్చలుంటాయి. ఆడ చేప ఆ మచ్చలను నోటితో అందుకోబోయినప్పుడు మగ చేప విడుదల చేసిన వీర్యం నోటిలోని గుడ్లకు చేరుతుంది. సుమారు మూడు వారాల పాటు ఆడ చేప ఆహారం దాదాపు తీసుకోకుండా పిల్లలను నోటిలోనే కాపాడుతుంది.

సమీప జాతులు సులభంగా సంకరమవుతాయి. నెమలి సిక్లిడ్ ఆడ చేపలు ఒకేలా ఉండడం వలన సంకర పిల్లలను గుర్తించడం కష్టం. వీటిని శుద్ధ జాతిగా ఇతరులకు ఇవ్వరాదు.

పరిరక్షణ

మలావి సిక్లిడ్‌ల ఎగుమతి 1960ల దశకంలో విస్తరించింది. చిజుములు దీవి సమీపంలోని ఒక చిన్న రాతి దిబ్బకు పరిమితమైన చిండోంగో సౌలోసి ఆక్వేరియం వ్యాపారం కొరకు అధికంగా పట్టడం వలన తీవ్రంగా అంతరించే ప్రమాదంలో పడింది. ఈ చేప పెంపక కేంద్రాలలో బాగా వృద్ధి చెందుతుంది. కనుక సరస్సు నుండి పట్టిన వాటికి బదులు తొట్టెలలో పుట్టిన చేపలను కొనడం మేలు.

పెంచలేని చేపలను చెరువులలో, కాలువలలో వదలరాదు. ఇదే కుటుంబానికి చెందిన ఆఫ్రికా చేప తిలాపియాను 1952లో భారతదేశానికి తెచ్చారు. అది అనేక జలాశయాలకు వ్యాపించి స్థానిక చేపలకు పోటీగా మారింది. అక్కరలేని చేపలను అమ్మిన దుకాణానికో, ఇతర పెంపకందారులకో ఇవ్వాలి.

ఇవి కూడా చూడండి

* మలావి సరస్సు
* తిలాపియా
* ఆక్వేరియం